కవుల ప్రతికృతులు – నామాంకనము

కర్త తెలియని కావ్యములును, కావ్యము దొరకని కర్తలును సాహిత్యచరిత్రమునఁ గొల్లలు. కవుల రూపముల విషయమునను నిట్టి వైపరీత్యమే కానవచ్చుచున్నది. పేరు నిలిచి ముఖము నశించిన కవులు పెక్కుఱు. ముఖము నిలిచి పేరు నశించుచున్నవారును గలరు. మొదటి నష్టము కాలము చేసినది. దానికిఁ బ్రతిక్రియ లేదు. రెండవది మనుష్యుల యజాగ్రత్తచేతఁ గలుగుచున్నది, తలఁచినచో నివారింపవచ్చును. ఛాయాచిత్రము వచ్చిన పిమ్మటఁ గవుల రూపము చిరస్థాయి యయ్యెనను నమ్మకము లోకమునఁ బ్రబలియున్నది. ఆ నమ్మక మెంతవఱకు యుక్తమో, ఛాయాచిత్రము ప్రమాణ మగుటకు దానికిఁ దోడు కావలసిన దేమో విచారించుటయే యీ వ్యాసముయొక్క ప్రయోజనము.

ఈ విచారమునకు రామగుండమునకుఁ జుట్టుపట్ల నున్న గోదావరీ దక్షిణతీరభూమి తగిన యుదాహరణములను సమకూర్చుచున్నది. నేఁడీ ప్రాంతము బొగ్గుగనులచేతను విద్యుదుత్పత్తిచేతను బ్రసిద్ధము. కాని యెగువను ధర్మపురియు, దిగువను మంథెనయు, నైరృతిదిక్కున వేములవాడయుఁ గల యీ దేశమునకు వేయేండ్లకుఁ బైఁబడిన సాహిత్యచరిత్ర కలదు. ఆ చరిత్రలోఁ గవుల పేరులు గలవు. వారి ముఖములు లేవు.

శబ్దవిచారము

ప్రతికృతి యనఁగా నొకదానిని బోలునట్లు చేయఁబడిన రూపము. పాణిని పంచమాధ్యాయ తృతీయపాదమున నీ యర్థమందుఁ గన్ ప్రత్యయమును విధించెను. గుఱ్ఱమును బోలిన బొమ్మ అశ్వకమగును. అశ్వము వేఱు, అశ్వకము వేఱు. ‘క’ యను నొక్క యక్షరమే యిది గుఱ్ఱము గాదనియు, గుఱ్ఱమువంటిదనియుఁ దెలుపుచున్నది. పిదప నా ప్రకరణముననే యాచార్యుఁ డొక యపవాదమును జెప్పెను. జీవికకొఱకై యుండియు విక్రయింపఁబడని ప్రతికృతుల విషయమున నా ప్రత్యయము లోపించును. అర్చకుఁ డమ్మక యుంచుకొని పూజించు శివప్రతిమకు శివుఁడనియే పేరు. అంగడిలో నమ్మఁబడు ప్రతిమ శివకము. మౌర్యులు ధనార్థులై ప్రతిమలను గల్పించిరను విషయమును బతంజలి ప్రస్తావించినది యీ సూత్రముకడనే.

లోకవ్యవహారము నేఁటికి నీ సూత్రమునే యనుసరించుచున్నది. సభలోఁ బటమునకుఁ బూలమాల వేయుచు ‘పోతన’ యందురు గాని ‘పోతనను బోలిన దని యొకరు గీసిన రూపము’ అనరు. పూజచేత సాదృశ్యార్థము లుప్తమైనది. భక్తి కీ లోపము భూషణము. చరిత్రకు మాత్రము ప్రమాదహేతువు. ఏలయన, ఆ పటము పోతనను జూచినవాఁడు వ్రాసినది కాదు. పోతన యెట్లుండునని తరువాతివా రూహించిరో యా యూహ దానిలోఁ గలదు. నన్నయ, తిక్కన, మొల్ల, వేమన మున్నగువారి పటము లన్నియు నీ జాతిలోనివే. పాఠ్యపుస్తకములలో వీనిని జూచి పెరిగిన బాలుఁడు తిక్కన ముఖమును దా నెఱుఁగుదునని తలంచును. ఎఱుఁగనిదానిని నెఱుఁగుదునను తలంపు అజ్ఞానముకంటెఁ దొలఁగింప దుష్కరము.

కాఁబట్టి కవుల ప్రతికృతులను మూఁడు తెగలుగా విభజింపవలసియున్నది: కవిని జూచి చేసినవి, కవిని జూచి చేసిన ప్రతికృతిని జూచి చేసినవి, కేవలము భావించి చేసినవి. మొదటిది ప్రత్యక్షమూలము, రెండవది పరంపరామూలము, మూఁడవది కల్పితము. ఛాయాచిత్రము మొదటి తెగకుఁ జేరును.

పేరు గలిగి ముఖము లేని కవులు

కరీంనగరమునుండి జగిత్యాలకుఁ బోవు మార్గమున గంగాధరకు సమీపమునఁ గుఱిక్యాల యను గ్రామము గలదు. అచ్చటి బొమ్మలమ్మగుట్టమీఁద జినవల్లభుని శాసన మున్నది. ఇతఁడు కన్నడాదికవి యగు పంపనకుఁ దమ్ముఁడు. పంపఁడు వేములవాడ చాళుక్యుఁడగు రెండవ యరికేసరి యాస్థానమున నుండి 941 ప్రాంతమున విక్రమార్జునవిజయమును రచించినవాఁడు. శాసనకాలము సుమారు 945. ఇందు సంస్కృతము, కన్నడము, తెలుఁగు నను మూఁడుభాషలును గలవు. తెలుఁగున నున్నవి మూఁడు కందములు. నన్నయకు నూఱేండ్లు ముందు తెలుఁగునఁ గందపద్యము నడచినదనుటకు నిది యనర్ఘమైన సాక్ష్యము.

ఈ శాసనమున నన్న కీర్తిని దమ్ముఁడు కొనియాడెను. తాను గట్టించిన బసది పేరును, త్రవ్వించిన చెఱువు పేరును, వేయించిన వనము పేరును జెప్పెను. అదే బండపైఁ జక్రేశ్వరీదేవిని, దీర్థంకరులను జెక్కించెను. శిల్పి యున్నాఁడు, ఱాయి యున్నది, ధనమున్నది, కీర్తికాంక్షయు నున్నది. అయినను అన్న ముఖము గాని తన ముఖము గాని చెక్కింపలేదు. కవికి రూపము వాక్కే యని యా కాలమువారి తలంపు గాఁబోలును. ఆ తలంపు యుక్తమే యైనను దానివలన నేఁడు పంపని ముఖమును దెలిసికొనుట కుపాయము లేదు.

ధర్మపురి శేషప్ప విషయమును నిట్టిదే. నరసింహశతకకర్త యగు నీతఁడు తన మకుటమునందే ధర్మపురిని నిలిపెను. ఆ శతకము పఠింపని తెలుఁగువారు పూర్వ మరుదు. బడిపిల్లలు మొదలుకొని భజనసమాజములవఱకు నాతని పద్యములు వ్యాపించినవి. పద్యము నోటనోటఁ బోయినది, ఊరి పేరు పద్యముతోఁ బోయినది. మూర్తి మాత్రము గోదావరిగట్టుననే కరిఁగిపోయినది.

తెలంగాణమునఁ గవులు లేరను మాట యొకప్పుడు వినవచ్చినపుడు సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించి 354 కవులను లోకమునకుఁ జూపిరి. లేరన్నవానికి సమాధానము పేరుల పట్టిక యయ్యెను. పేరు వ్రాసియుంచుటచేఁ గలుగు ప్రయోజన మెట్టిదో యీ సంచికయే సాక్షి.

పేరు చెక్కిన ప్రతిమ

కవికి సమకాలికమైన ప్రతికృతి తెలుఁగువారి కొక్కటి గలదు. ఆముక్తమాల్యదాకర్త యగు శ్రీకృష్ణదేవరాయలు తన దేవేరులగు తిరుమలదేవీ చిన్నాదేవులతోఁ గూడి యంజలిబద్ధుఁడై తిరుమల దేవాలయమునఁ దామ్రమూర్తిగా నిలిచియున్నాఁడు. ఆ విగ్రహముల భుజములపైఁ బేరులు చెక్కఁబడియున్నవి. ఈ యక్షరములే లేకున్నచో, దేవాలయములలో నంజలి ఘటించి నిలిచిన వందలకొలఁది రాజదంపతుల మూర్తులలో నిదియు నొక్కటియై పోయెడిది.

1520 ప్రాంతమున విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసు వర్తకుఁడు డొమింగో పేసు రాయలను జూచి, యాతఁడు మధ్యమప్రమాణము గలవాఁడనియు, నించుక స్థూలకాయుఁడనియు, ముఖమున స్ఫోటకపు మచ్చలు గలవనియు వ్రాసెను. తామ్రమూర్తియందు మచ్చలు లేవు, స్థూలతయు లేదు. శిల్పి రాజును జూచియుఁ జూచినదంతయుఁ జేయలేదు. కాఁబట్టి ప్రత్యక్షమూల మయినంతమాత్రమునఁ బ్రతికృతి సర్వము యథార్థము గాదు. ప్రతిమను వాక్యముతోఁ బోల్చిచూచినపుడే సత్యము తెలియును.

పేరు ముఖముకంటె బలవత్తర మనుటకు మథురకు సమీపమున మాట్ గ్రామమున 1911లో దొరకిన కనిష్కుని విగ్రహము దృష్టాంతము. దానికి శిరస్సు లేదు. అయినను వస్త్రపుటంచున బేరు చెక్కఁబడియుండుటచే నది కనిష్కునిదని నిస్సంశయముగాఁ జెప్పఁగలుగుచున్నారు. పేరుగల శిరోహీనమూర్తి రాజచరిత్రకు సాక్ష్య మయ్యెను. పేరులేని సుందరముఖములు మ్యూజియములలో ‘పురుషశిరస్సు’ అను చీటీలతో మిగిలినవి.

భాసకృతమని ప్రసిద్ధమైన ప్రతిమానాటకమున నీ విషయమే కథాబీజముగా నున్నది. మేనమామ యింటినుండి మరలివచ్చుచు భరతుఁ డయోధ్యవెలుపలఁ బ్రతిమాగృహమును జూచి, యందలి మూర్తులను దేవతలని భ్రమించి మ్రొక్కఁబోవును. దేవకులికుఁడు వారించి యీతఁడు దిలీపుఁడు, ఈతఁడు రఘువు, ఈతఁ డజుఁడని పేర్కొనును. నాలవ మూర్తి తండ్రిదని గ్రహించి భరతుఁడు జీవించియున్నవారికిఁ గూడ నిందుఁ బ్రతిమలుండునా యని యడుగును; మృతులకే యని యుత్తరము వచ్చును. కన్నకొడుకునకును బ్రతిమయర్థము పేరు చెప్పువాఁడున్నపుడే పూర్ణమైనది. దేవకులికుఁడు లేని ప్రతిమాగృహము మూగది.

ఛాయాగ్రహణము – దాని ధర్మములు

ఛాయాగ్రహణవిద్య 1839లోఁ బారిసునఁ బ్రకటిత మయ్యెను. మదరాసున ఛాయాగ్రాహకుల సంఘము 1856లో నేర్పడెను. నిజాము రాజ్యమున నీ విద్యకుఁ బ్రతిష్ఠ కలిగించినవాఁడు లాలా దీనదయాళు. ఈతఁడు 1844లో సర్ధనలో జనించి, సికిందరాబాదున స్టూడియో నెలకొల్పి, 1894లో నాఱవ నిజామువలన ‘రాజా బహద్దరు ముసవ్విరు జంగు’ బిరుదము నంది, 1905లో దివంగతుఁడయ్యెను. ముసవ్విరనఁగాఁ జిత్రకారుఁడు. యంత్రముతోఁ జిత్రము తీయువానికిఁ గుంచె పట్టువాని బిరుదమే యిచ్చిరి.

ఛాయాచిత్రము సూర్యుఁడు వ్రాసినది గాన నసత్యము కానేర దని మొదట నమ్మిరి. ఆ విద్యయొక్క పని తెలిసినవారికీ నమ్మకము నిలువదు. పూర్వపు ఛాయాచిత్రములను సాక్ష్యముగాఁ జూచువారు మూఁడు విషయముల నెఱుఁగవలయును.

మొదటిది కాలము. 1851లో వచ్చిన తడిఫలకపద్ధతియందు గాజుపలకకుఁ గొలోడియను పూసి, వెండిలవణద్రవమున ముంచి, తడి యాఱకమున్నే చిత్రము తీసి కడుగవలసియుండెను. చిత్రము తీయించుకొనువాఁడు కొన్ని క్షణములనుండి కొన్ని నిమిషములవఱకుఁ గదలక యుండవలయును. శిరస్సు కదలకుండ వెనుకనుండి యినుపచట్రము నానించెడివారు. నవ్వు నట్లంతసేపు నిలుపుట దుష్కరము. కాఁబట్టి పూర్వుల ముఖములఁ గానవచ్చు బిగువు వారి స్వభావమని నిశ్చయింపరాదు. 1871 తరువాతఁ బొడిఫలకములు వృద్ధియై యీ యిబ్బంది క్రమముగాఁ దగ్గినను గంభీరముగాఁ గూర్చుండు నలవాటు నిలిచిపోయెను. ప్రహసనములు వ్రాసి లోకమును నవ్వించిన కందుకూరి వీరేశలింగము పంతులుగారు (1848–1919) ఛాయాచిత్రములలో గంభీరమూర్తులై యుండుట కిదియు నొక హేతువు కావచ్చును.

రెండవది వర్ణము. పూర్వపు ఫలకములు నీలవర్ణమును జక్కఁగా గ్రహించును గాని యెఱుపును గ్రహింపవు. ఎఱుపు ముద్రితచిత్రమున నలుపుగాఁ గన్పట్టును, పసుపును మసకబాఱును. సర్వవర్ణములను గ్రహించు ఫలకములు 1906 తరువాతఁగాని యంగడికి రాలేదు, పెక్కేండ్లకుఁగాని వ్యాపింపలేదు. ఇది తెలియక పాతచిత్రమున నల్లని బొట్టును జూచి కస్తూరియనియో యక్షతయనియో నిశ్చయించువారు పొరపడుదురు. అది కుంకుమయుఁ గావచ్చును. సంప్రదాయనిర్ణయమున కట్టి చిత్రము సాక్ష్యము గాదు. దేహచ్ఛాయయు నట్లే యున్నదానికంటె నల్లగాఁ బడెడిది.

మూఁడవది సవ్యాపసవ్యము. తొలికాలపు లోహఫలకచిత్రములు దర్పణప్రతిబింబములవలెఁ గుడియెడమలు తాఱుమాఱైనవి. నెగటివును దిరుగవేసి యచ్చొత్తినచో నితరచిత్రములును నట్లేయగును. దీనికిఁ జక్కని పరీక్ష కలదు. యజ్ఞోపవీతము పితృకర్మలందుఁ దప్ప నెడమభుజముమీఁద నుండవలయును. ఏ పండితుని చిత్రమునందైన నది కుడిభుజముమీఁదఁ గన్పట్టినచో నచ్చు తిరుగఁబడినదని యూహింపవచ్చును. కోటు తొడిగినవారియందు ఱొమ్ముమీఁది జేబు కుడిప్రక్కకు వచ్చినను నట్లే.

ఈ మూఁటికిఁ దోడు సంస్కార మొకటి. గాజుపలకమీఁద సన్నని పెన్సిలుతో ముడుతలను మాన్పుట స్టూడియోలలో నిత్యకృత్యము. వైయాకరణుఁడు శబ్దమును సంస్కరించినపుడు మూలధాతువును జూపును. స్టూడియోవాఁడు మూలమును దాఁచును. భేద మింతియే.

కవులు కెమెరాముందు

ఆంధ్రదేశమున ఛాయాచిత్రము వ్యాపించిన తరమునఁ బ్రకాశించిన వీరేశలింగముగారిని, గురజాడ అప్పారావుగారిని (1862–1915), దిరుపతివేంకటకవులను లోకము ముఖమునఁ గూడ గుర్తింపఁగలదు. ఆంధ్రకవుల చరిత్రమును వ్రాసి ముఖము లేని కవులకు జీవితములను సమకూర్చిన వీరేశలింగముగారే తమ ముఖమును నిలుపుకొన్న తొలితరము తెలుఁగు రచయితలలో నొక్కరగుట గమనింపఁదగినది.

తిరుపతివేంకటకవుల చిత్రము మఱియు విచారార్హము. దివాకర్ల తిరుపతిశాస్త్రిగారును (1872–1920), జెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారును (1870–1950) మీసములతోఁ గానవచ్చెదరు. వైదికులు మీసములు పెంచుట యాచారవిరుద్ధ మని యెఱిఁగియే, యుభయభాషలయందును దమ్ము మించువారు లేరను ప్రతిజ్ఞకుఁ జిహ్నముగా వానిని బెంచితిమని వారు పద్యమున నుద్ఘోషించిరి. ఆ పద్యము లేనిచో జిత్రమందలి మీస ముత్త మీసము. చిత్రము లేనిచో బద్యమందలి మీసము మాటమాత్రము. రెండును గలిసి ప్రమాణ మైనవి.

ఇంకను నొక విశేష మున్నది. జంటకవుల పద్యములలో నెవ్వ రేది చెప్పిరో విడఁదీయకుండుట వారి వ్రతము. గ్రంథమున నది శోభ. ఛాయాచిత్రమునఁ గూడ వారిని విడఁదీయకున్నచో, కొన్ని తరములకు గుడివైపువా రెవ్వరో యెడమవైపువా రెవ్వరో తెలుపువారు లేకపోదురు. కుడియెడమలు వ్రాసియున్నను అచ్చు తిరుగఁబడినచో నా వ్రాఁతయే తప్పగును. కాఁబట్టి వస్త్రభేదము, ఆసనభేదము మొదలగు చిహ్నములతోఁ బేరులను వ్రాయుట మేలు.

పాశ్చాత్యదేశమున నీ శ్రద్ధ చూపినవారిలో జూలియా మార్గరెట్ కామెరన్ యొకతె. ఈమె 1815లోఁ గలకత్తాలో జనించినది. 1879లో సింహళమున మరణించినది. నలువది యెనిమిదవయేఁట నింగ్లండున కెమెరాను జేపట్టి, 1865లో టెన్నిసన్ కవిని, 1867లోఁ గార్లైలును జిత్రించినది. స్పష్టత కొఱఁతవడినను మనస్సు గానవచ్చునట్లు తీయుట యామె ప్రజ్ఞ. అంతకంటెఁ జరిత్రకారులకుఁ బ్రియమైన దామె యలవాటు: పెక్కుచిత్రముల యట్టలమీఁద ‘సజీవమూర్తినుండి తీసినది’ యను నర్థము గల మాటయుఁ దన సంతకమును స్వహస్తమున వ్రాయుచుండెను. తిరుమల విగ్రహముల భుజాక్షరములవంటివే యీ యట్టమీఁది యక్షరములు.

ప్రత్యక్షమూలమును గల్పితమును గలసిపోయిన చోటు హైదరాబాదున హుస్సేన్‌సాగరపు గట్టు. 1986లో నచ్చట 33 విగ్రహములు నెలకొల్పిరి. నన్నయ, తిక్కన, పోతన, మొల్ల, వేమన మున్నగువారును, వీరేశలింగము, గురజాడ, జాషువ, శ్రీశ్రీ మున్నగువారును నొక్క వరుసనే యున్నారు. మొదటివారి ముఖములు శిల్పుల భావనలు. రెండవవారికి ఛాయాచిత్రములు మూలములు. పీఠములపైఁ బేరులు మాత్ర మొక్కతీరుగా నున్నవి. 2011 మార్చి 10వ తేదిని దెలంగాణోద్యమసందర్భమునఁ గొన్ని విగ్రహములు భగ్నములై, తరువాతఁ బునఃస్థాపితము లయ్యెను. పునర్నిర్మాణమునకు ఛాయాచిత్రము గల కవి విషయమున నాతని ముఖమే మూలము. లేని కవి విషయమున విఱిగిన విగ్రహమే మూలము. కల్పితమునకుఁ గల్పితమే ప్రమాణమగుట యిచ్చట స్పష్టము. పేరుక్రిందఁ ‘భావితమూర్తి’ యను నొక్కమాట చెక్కుట కెక్కువ ఱాయి పట్టదు.

గోదావరీతీరమున ఛాయాగ్రాహకకవి

మరల గోదావరీతీరమునకు రావలసియున్నది. జగిత్యాలవాఁడగు నలిశెట్టి ప్రభాకరుఁడు చిత్రకళతో మొదలిడి కవియై, జీవనమునకు ఛాయాగ్రహణము నాశ్రయించెను. జగిత్యాలలోఁ ‘బూర్ణిమ’, కరీంనగరములో ‘శిల్పి’, హైదరాబాదులో ‘చిత్రలేఖ’ యను స్టూడియోలను నడపెను. 1978లో వెలువడిన ‘ఎఱ్ఱపావురాలు’ మొదలుకొని ‘రక్తరేఖ’, ‘సిటీలైఫ్’ మున్నగు సంపుటములను రచించి, క్షయరోగపీడితుఁడై 1993 జనవరి 12వ తేదిని దన పుట్టినదినముననే మరణించెను. అప్పటికి నలువదియేండ్లు నిండలేదు. నాలుగైదు పంక్తులలో నొక లోకమును బట్టి చూపు నాతని కవిత ఛాయాగ్రాహకుని చూపునకు సోదరి. ఒక క్షణమును దక్కినవానినుండి వేఱుచేసి చట్రమునఁ బెట్టుటయే రెండింటి పని.

జినవల్లభుని దేశముననే, వేయేండ్లకుఁ బిమ్మట, కవియే ముఖములను నిలుపు విద్యను జేపట్టుట విచిత్రము. కాని కవి తీసినంతమాత్రమునఁ జిత్రము మాటలాడదు. పట్టణపు స్టూడియోలలోఁ దీసిన చిత్రములకు నెగటివులు సంఖ్యలతో నుండును. ఆ సంఖ్యకుఁ బేరు తెలుపు పుస్తకము పోయినచో ముఖము లనాథములగును. బొగ్గుగనుల ప్రాంతపు రచయితలలోఁ గొందఱు మాఱుపేరులతో వ్రాసిరి. వారి విషయమున గ్రంథముపై నొక పేరు, ఇంట నొక పేరు, చిత్రమున నే పేరును లేదు. ఈ మూఁటిని గలుపువారు జీవించియున్న తరమే యిది.

నేఁ డందఱి చేతిఫోనులయందును గెమెరా యున్నది. ఒక్క సభలో నొక్క కవికి నూఱు చిత్రములు తీయుచున్నారు. నూఱింటికిని సంఖ్యలే గాని పేరులు లేవు. చిత్రము లరుదుగా నున్నపు డొక్కదానిని దాఁచి యింటింటఁ జెప్పుకొనిరి. ఇప్పుడు సమృద్ధియే విస్మృతికిఁ గారణ మగుచున్నది.

దీనికిఁ జేయవలసినది స్వల్పము. చిత్రము వెనుకను, అంచున, మెత్తని పెన్సిలుతో నైదు విషయములు వ్రాయవలయును: కవి పేరు, మాఱుపేరున్న నదియు, తేది, స్థలము, తీసినవాని పేరు, పెక్కుఱున్నచో వారి వరుస. సిరా కాగితమున దిగి ముఖమునకుఁ బ్రాఁకును. గట్టికలము గుర్తులు పొడిపించును. ఫోనులోని చిత్రమున కీ యైదింటినే దాని పేరుగా నుంచవచ్చును. సాహిత్యసంఘములును గ్రంథాలయములును దమ గోడలమీఁది పటములకుఁ బ్రత్యక్షమూలము, పరంపరామూలము, కల్పితము నను భేదమును జూపు చీటీలు చేర్చవలయును. పాణిని యొక్క ప్రత్యయముతోఁ జేసిన పని యొక్క చీటీతో నగును.

కుఱిక్యాల బండమీఁదఁ బేరున్నది, ముఖము లేదు. స్టూడియోల పెట్టెలలో ముఖములున్నవి, పేరులు లేవు. తిరుమలలో ముఖమును దానిక్రింద భుజముమీఁదఁ బేరును గలవు. అందుచేతనే యైదువందల యేండ్లకుఁ బిమ్మటను నా మ్రొక్కుచున్న వ్యక్తి యెవ్వరని యడుగవలసిన పని లేకున్నది.